ఎముకల గూడు, కీళ్ళ పొందిక

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో నేడు వైద్య కళాశాలలు వెలసినవి. వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలలు 2022లోను, గద్వాల కళాశాల 2024లోను ఆరంభమైనవి. వైద్యవిద్యలో అడుగిడిన పిల్లల చేతికి మొట్టమొదట అందు వస్తువులలో ఎముక ఒకటి. తొడ ఎముకను చేతబట్టుకొని, ఇది కుడిదా యెడమదా, దీని తల యెటున్నది, మెడ యెటున్నది అని త్రిప్పి త్రిప్పి చూచుటతో వారి చదువు సాగును. ఐతే ఎముకలను గూర్చి, కీళ్ళను గూర్చి తెలిసికొనుటకు కళాశాలకే పోవలెనని లేదు. పాలమూరు సీమలో పని చేయుచున్న మనుష్యుని ప్రక్కన నాలుగు ఘడియలు నిలిచి చూచినను చాలును. తట్ట మోయు కూలి, గుంట మగ్గముపై కూర్చున్న నేతగాడు, తేనెకై కొండచరియ దిగు చెంచు, పత్తిపూవును చిదుపు పిల్ల, వీరందరును ఎముకల శాస్త్రమును తమ దేహములతో వ్రాయుచున్నవారే. మేమీ ప్రసంగములో ఆ దారినే పట్టదలచితిమి.

ముందుగా లెక్క చెప్పుదుము. పెరిగిన మనుష్యుని శరీరములో 206 ఎముకలు కలవు. అప్పుడే పుట్టిన బిడ్డలో 270కి పైగా ఉండును. మరి తక్కినవి యేమైనవి? ఎక్కడికిని పోలేదు, ఒకదానితో నొకటి అతుకుకొనినవి. బిడ్డ నడినెత్తిన మెత్తగా కొట్టుకొను మాడును తల్లులందరు నెరుగుదురు. తల యెముకలు ఇంకను కలియలేదనుటకు అది గుర్తు. ఏడాదిన్నర, రెండేండ్లలో అది పూడిపోవును. ప్రసవమప్పుడు ఇరుకుత్రోవలో తల కొంచెము నొక్కుకొని వచ్చుటకును, తరువాత లోపలి మెదడు పెరుగుటకును ప్రకృతి ఉంచిన సందు అది.

మన ప్రాచీన వైద్యులలో చరకుడు 360 ఎముకలనియు, సుశ్రుతుడు 300 అనియు చెప్పిరి. నేటి లెక్కతో పోల్చి వారిని చూచి నవ్వనక్కర లేదు. వారు పండ్లను సైతము ఎముకలలో ఎంచిరి. మెత్తని మృదులాస్థులను ఎంచిరి. చరకుడు గోళ్ళను గూడ విడువలేదు. ఎంచు పద్ధతి వేరగుటచేత మొత్తము వేరైనది.

ఈ 206లో తల, వెన్ను, రొమ్ము కలిసి 80. చేతులు, కాళ్ళు, వానిని మొండెమునకు తగిలించు ఎముకలు కలిసి 126. అందులో విచిత్రమేమనగా, ఒక్కొక్క చేతిలో మణికట్టు మొదలు వ్రేలి కొన వరకు 27 ఎముకలు, ఒక్కొక్క పాదములో 26 ఎముకలు ఉన్నవి. అనగా మొత్తము ఎముకలలో సగమునకు మించి, 106 ఎముకలు, మన అరచేతులలోను పాదములలోను చేరియున్నవి. పని చేయుటకును నడచుటకును పుట్టిన జీవి మనుష్యుడని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇక తట్ట సంగతి. పాలమూరు కూలి లేని ఆనకట్ట దేశములో లేదని పెద్దలనెడివారు. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీరు వదలబడిన నాగార్జునసాగరము రాతికట్టడము; అటువంటి కట్టడములలో రాయి, మట్టి, సున్నము మనుష్యుల నెత్తిపైననే ఎక్కెను. నెత్తిమీద చుట్టకుదురు పెట్టి దానిపై తట్ట నిలిపినపుడు ఆ బరువు యే దారిన నేలకు దిగునో చూడుడు. కపాలము నుండి మెడలోని మొదటి పూసపైకి దిగును. ఈ పూసకు పాశ్చాత్యులు అట్లాస్ అని పేరు పెట్టిరి. వారి పురాణములలో ఆకాశమును భుజములపై మోసిన రాక్షసుని పేరది. మనము మన కూలి పేరు పెట్టియున్న నింకను సరిపోయెడిది.

ఈ మొదటి పూసపై తల ముందుకు వెనుకకు ఊగును, అనగా అవునని తల యూపుట ఇక్కడ జరుగును. దాని క్రింద రెండవ పూస నుండి ఒక పిడి పైకి లేచి, మొదటి పూసయను ఉంగరములో నిలిచియుండును. కాదని తల త్రిప్పుట ఆ పిడి చుట్టును జరుగును. తిరుగటి నడుమ మేకు వంటిది ఇది. తిరుగు కీలనుటకు ఇదియే నిదర్శనము.

మెడలో ఏడు పూసలు, వీపులో పండ్రెండు, నడుములో అయిదు. వాని క్రింద అయిదు పూసలు కలిసి ఒకటైన త్రికము, చివర తోకకు గుర్తుగా మిగిలిన చిన్న ఎముక. పూసకు పూసకు నడుమ గట్టి మెత్తలవంటి బిళ్ళలు 23 కలవు. వీనిలో చాల భాగము నీరే. పగలంతయు బరువునకు నొక్కుకొని ఆ నీరు కొంత బయటికి పోవును. రాత్రి పరుండినపుడు మరల పీల్చుకొనును. అందువలననే మనుష్యుడు ప్రొద్దుట కంటె సాయంకాలమునకు సుమారు ఒక సెంటీమీటరు పొట్టియగును! ఇది నవ్వుటకు చెప్పిన మాట కాదు. శ్రోతలు గోడకు గీత గీచి తామే కొలిచి చూచుకొనవచ్చును.

వెన్ను నిట్టనిలువు స్తంభము కాదు. మెడలో ముందుకు, వీపులో వెనుకకు, నడుములో మరల ముందుకు వంగియుండును. ఆ వంపులవలన అడుగు వేసినపుడు క్రింది దెబ్బ తలకు తగులక మధ్యలోనే సమసిపోవును. నెత్తిపై తట్ట నిలిపి నడచు స్త్రీ వెన్ను నిలువుగా నుంచి, నడుము నుండి క్రిందివైపే కదలుచు నడచుట మనము చూచుచున్నాము. బరువు పూసలపై సమముగా పడు నడక అది. అయినను ఏండ్ల తరబడి మోసినవారి మెడ పూసల నడుమ బిళ్ళలు త్వరగా అరిగిపోవునని వైద్యులు కనుగొనిరి. ఇంతకంటె కీడు తట్టను నేల నుండి ఎత్తునపుడు కలుగును. మోకాళ్ళు వంచక నడుము వంచి ఎత్తినచో, తట్ట బరువునకు ఎన్నో రెట్లు భారము నడుము పూసల బిళ్ళపై పడును. బిళ్ళ వెనుకకు పొడుచుకొని వచ్చి నరమును నొక్కినపుడు పిరుదు నుండి పాదము దాక లాగు నొప్పి పుట్టును. కూర్చుండి, తట్టను ఒంటికి దగ్గరగా తీసికొని, కాళ్ళ బలముతో లేచుట మేలు. ఇంకొకరు చేయి వేసి ఎత్తించుట మరియు మేలు.

నడిగడ్డలోని గద్వాలకు పోవుదము. కృష్ణ, తుంగభద్రల నడుమనున్న ఈ సీమ నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయుటలో పేరుపొందినది. గుంట మగ్గము నొద్ద నేతగాడు నేలమట్టముననే కూర్చుండి, కాళ్ళను గుంటలో వ్రేలాడవేసి, తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కుచుండును. చేతులు నాడెను పంపుచు, పేకను గ్రుద్దుచుండును. ఒక్క నిమిషములో అతని దేహమున ఎన్ని కీళ్ళు కదలునో ఎన్నతరము కాదు. కీళ్ళను గూర్చి చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠశాల మాకు తోచలేదు.

కీళ్ళలో కదలనివి కలవు. తల యెముకల అతుకులు అట్టివి. సుశ్రుతుడు వీనికి తున్నసేవని యని పేరిడెను. కుట్టుపని అని దాని యర్థము. చూచుటకు నిజముగా రెండు బట్టలను కలిపి కుట్టినట్లే యుండును. కొంచెము కదలునవి వెన్నుపూసలు. స్వేచ్ఛగా కదలునవే మనము సాధారణముగా కీళ్ళని పిలుచునవి. వీని నిర్మాణమంతయు ఇంచుమించు ఒకటే. రెండెముకల కొనలకును నున్నని మృదులాస్థి తొడుగు, చుట్టును ఒక సంచి, సంచిలో కోడిగ్రుడ్డు తెల్లసొనవలె జిగటగల ద్రవము, వెలుపల ఎముకను ఎముకతో కట్టియుంచు బంధకములు. ఆ ద్రవము కందెన వంటిది. బండి యిరుసునకు మనము కందెన వేయవలెను. కీలు తన కందెనను తానే తయారుచేసికొనును.

ఇక్కడ ఒక విశేషము గమనింపవలెను. మృదులాస్థికి రక్తనాళములు లేవు. దానికి ఆహారము కీలులోని ద్రవము నుండియే అందవలెను. కీలు కదలినపుడు ఆ తొడుగు దూదివలె నొక్కుకొని, వదలుకొని, ద్రవమును పీల్చుకొనును. కదలని కీలునకు కూడు అందదు. గంటల కొలది ఒకే తీరున కూర్చున్న నేతగాడు గుంట నుండి లేవబోయినపుడు మోకాలు బిగిసియుండుటకు ఇదియొక కారణము. ఒక మగ్గపుటింటిలో మేము చూచిన ముదుసలి, గుంట అంచున రెండు చేతులు ఆన్చి, కొంతసేపట్లే నిలిచి, నెమ్మదిగా పైకి వచ్చెను. "కీళ్ళు తుప్పు పట్టినయ్ సారూ, రెండడుగులు ఏస్తె సదురుకుంటయ్" అని ఆయన నవ్వెను. రెండడుగులు వేయుట ఆయన తెలిసి చేసినను తెలియక చేసినను సరియైన చికిత్సయే. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడచిన నేతగాని మోకాళ్ళు ఎక్కువకాలము నిలుచును. కాని మృదులాస్థి ఒకసారి అరిగినచో మరల పెరుగుట మిక్కిలి అరుదు. అరిగిన పిమ్మట ఎముక యెముకతో రాచుకొనును, కీలు వాచును, కాలు వంకర తిరుగును.

మోకాలు శరీరములో అన్నిటికంటె పెద్ద కీలు. తలుపు బందువలె ముందుకు వెనుకకు మడగుటయే దీని పని. అయినను కొంచెము మెలి తిరుగుట కూడ కలదు. లోపల చంద్రవంకలవంటి రెండు మృదులాస్థి ముక్కలు తొడ ఎముక కొనకు పీఠమై యుండును. దాని నాలుగు ముఖ్య బంధకములలో రెండు కీలు నడుమ అడ్డముగా ఒకదానినొకటి దాటిపోవును. కబడ్డీ యాటలో కాలు నిలిపి మొండెము తిరిగినపుడు తెగునది వీనిలో ఒకటి.

తొడ మొదట నున్న తుంటి కీలునకు లోతైన గుంట, అందులో గుండ్రని తల. సుశ్రుతుడు ఈ జాతికి ఉలూఖలమని పేరు పెట్టెను, ఉలూఖలమనగా రోలు. తుంటికి ఆ పేరు ఎంతయో తగియున్నది. భుజమును కూడ ఆయన రోలుగానే ఎంచెను. మాకు మాత్రము భుజమును రోలనుటకంటె మూకుడనుట సబబని తోచును. ఆ గుంట అంత పల్లముగా నుండును. పల్లముగా నుండుటచేతనే చేయి నలుదిక్కుల తిరుగగలదు. అందుచేతనే భుజము తక్కిన పెద్ద కీళ్ళన్నిటికంటె తేలికగా జారును. నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు అడవులలోని చెంచులు తేనెకై త్రాడు పట్టి కొండచరియలు దిగునపుడు దేహమంతటి బరువును ఆ మూకుడు నొద్దనే నిలుపుదురు. భుజపు రెక్క ఎముక కండలలో తేలుచుండునే గాని వెన్నునకు తగిలి యుండదు. చేతిని మొండెముతో కలుపు ఎముక జత్రుక యొక్కటే, వ్రేలంత లావున మెడ క్రింద అడ్డముగా చేతికి తగులునది. పడినపుడు చేయి చాపుట మనుష్య స్వభావము గనుక, ఆ దెబ్బ చేతినుండి ఎక్కివచ్చి తరచుగా ఈ జత్రుకను విరుచును.

చేతి వ్రేళ్ళ సంగతి చెప్పక విడువరాదు. గద్వాల ప్రాంతమున సంకర పత్తివిత్తనము పండింతురు. మధ్యాహ్నము మీదట మొగ్గను విప్పి పుప్పొడి తిత్తులను గిల్లి తీసి, మరునాటి ప్రొద్దున వేరొక పూవు పుప్పొడిని దానికి రాయవలెను. ప్రతి మొగ్గకు ఈ పనియే. బొటనవ్రేలి మొదటి కీలు గుఱ్ఱపు జీనువంటి ఆకారము గలది. జీనుపై రౌతు ముందుకు, ప్రక్కకు ఒరిగినట్లు ఆ వ్రేలు అన్నివైపుల ఒరిగి, తక్కిన నాలుగు వ్రేళ్ళ కొనలను తాకగలుగును. సూది పట్టుట, కలము పట్టుట, మొగ్గ గిల్లుట యన్నియు దాని మహిమ. చిన్నవ్రేళ్ళు ఈ పనికి అనువని చెప్పి పిల్లలను చేలకు పంపుట పాలమూరు సీమలో చాలకాలము జరిగినది. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ పనికిని కూలికి పెట్టుకొనరాదని 2016లో చట్టము సవరింపబడినది. ఎముకల శాస్త్రము సైతము ఆ చట్టము పక్షముననే యున్నది. పిల్లల పొడుగు ఎముకల కొనలలో మృదులాస్థి పలక ఒకటి యుండును. ఎముక పొడవు పెరుగుట అక్కడనే. పదునారు, పదునెనిమిదేండ్లు దాటు వేళకు ఆ పలక గట్టిపడి మూసికొనిపోవును. అంతకుముందు దానికి దెబ్బ తగిలినచో ఆ యవయవము పొట్టిగానో వంకరగానో నిలిచిపోవచ్చును.

ఎముక రాయి వంటి మృతవస్తువని పలువురు తలంతురు. అది మిక్కిలి పొరపాటు. కోడి కాలి యెముకను కడిగి, పులుపు వెనిగరులో నాలుగైదు దినములు నానవేయుడు. అందులోని సున్నపు పదార్థము కరిగిపోయి, ఎముక తోలు పట్టెవలె వంగును. ఇంకొక యెముకను నిప్పులలో బాగుగా కాల్చుడు. ఆకారము చెడదు గాని వ్రేలితో నొక్కిన పొడియగును. మొదటిదానిలో మిగిలినది సాగెడు నారపదార్థము, రెండవదానిలో మిగిలినది ఖనిజము. ఈ రెండును కలియుటచేతనే ఎముక విరుగక, వంగక నిలుచును. గోడకు సున్నము, దానిలో నార కలిపినట్టిదే ఈ యుపాయము. అంతేకాదు. ఎముకలోపల ఒక తెగ కణములు పాతదానిని త్రవ్వుచుండును, మరియొక తెగ కణములు క్రొత్తదానిని పోయుచుండును. ఏడాదికి ఇంచుమించు పదియవ వంతు ఎముక ఇట్లు మారుచుండును. లోపలి యెర్ర మూలుగులో రక్తకణములు పుట్టుచుండును. దేహములోని సున్నపు ధాతువు, అనగా కాల్షియము, నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఎముకలలోనే నిలువయుండును. రక్తమునకు తక్కువైనపుడు అచ్చటినుండియే తీయబడును.

ఈ నిలువ ముప్పది యేండ్లలోపు కూడబెట్టవలసినదే. పిమ్మట ఖర్చే యెక్కువ. ముట్లుడిగిన స్త్రీలలో ఈ ఖర్చు మరింత త్వరపడును. ముసలివారు గడపలో కాలు తట్టుకొని పడి తుంటి విరుగుట, మంచము పట్టుట మనము చూచుచునే యున్నాము. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము అవసరమని నేటి నిర్ణయము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు; జొన్నలో చాల తక్కువ. తినిన కాల్షియము ఒంటికి పట్టవలెనన్న ఎండ కావలెను. చర్మముపై ఎండ పడినపుడు పుట్టు డి విటమినే దానిని ప్రేగుల నుండి రక్తములోనికి చేర్చును. చేలలో పనిచేయువానికి ఎండ కొదువ లేదు. పగలంతయు నీడపట్టున మగ్గము వద్ద నుండు స్త్రీపురుషుల విషయమై మాకు దిగులు కలదు.

ఆహారము సరిగానున్నను నీరు ఎముకను చెరుపవచ్చుననుటకు మన తెలుగునేలయే లోకమునకు పాఠము చెప్పినది. 1937లో అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో నడుము, మెడ కొయ్యబారినవారిని పరీక్షించి, త్రాగు నీటిలోని ఫ్లోరైడు దానికి కారణమని షార్ట్ మొదలైన వైద్యులు వెల్లడించిరి. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని అదే వ్యాధిని గూర్చి ప్రకటించెను. నల్లగొండ నాగర్‌కర్నూలునకు ఇరుగుపొరుగు. ఫ్లోరైడు మితిమీరినచో ఎముక బరువెక్కును గాని బలమెక్కదు. ఎముకలను కట్టియుంచు బంధకములు సైతము ఎముకవలె గట్టిపడును. వెన్ను ఒకే కడ్డీయగును. మెడ తిరుగదు, ప్రక్కటెముకలు కదలక ఊపిరి నిండదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి రాచుకొను క్రొత్త వికారమును వర్ణించిరి. సాగరము నిండి కాలువలు పారిన పిమ్మట భూగర్భజలము పైకి వచ్చి, నీటిలోని, జొన్నలలోని ధాతువుల పాళ్ళు మారుటయే దానికి కారణమై యుండునని అనుమానింపబడినది. మన్ను మోసి కట్టిన చేతులకు ఆనకట్ట ఏమి తెచ్చునో కట్టునాడు తెలియదు గదా! ఒకసారి బిగిసిన వెన్నును సడలించు మందు లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల బోరు నీటిని త్రాగకుండుటయే మార్గము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టముల ద్వారా నదుల నీరు పల్లెలకు చేర్చుటలో ఈ ఉద్దేశమును కలదు. అందుచేత గొట్టపు నీరు రుచిగా లేదని మరల బోరు నొద్దకు పోవు ఇల్లాండ్రు ఒక్కసారి ఆ బోరు నీటిని పరీక్ష చేయించుట మంచిది.

ఇక విరిగిన యెముక. విరిగినచోట మొదట రక్తము గడ్డకట్టును. రెండు మూడు వారములలో మెత్తని అతుకు పుట్టును. పిమ్మట అది గట్టిపడి, ఆరు మొదలు పండ్రెండు వారములలో బరువు మోయు యోగ్యత పొందును. పిల్లలకు ఇంకను త్వరగా. ఎముకను అతుకునది వైద్యుడు కాదు, ఎముకయే. కొనలను సరిగా కలిపి, కదలకుండ నుంచుటయే వైద్యుని పని. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు లేడు. ఆ పేరు గల పలకలు పాలమూరు దారులలోను కనబడుచుండును. కట్టు వేయు చేతి నేర్పును మేము కాదనము. కాని కొనలు కలిసినవో లేదో పైనుండి తడిమి నిశ్చయించుట కష్టము. 1895లో రోంట్‌గెన్ కనుగొనిన ఎక్స్-రే ఈనాడు ప్రతి జిల్లా ఆసుపత్రిలో నుండగా, చూడకయే కట్టుట యేల?

చేనిలోనో పనిచోటనో ఎవరికైన ఎముక విరిగినచో లాగి సరిచేయ జూడవలదు. ఉన్నది ఉన్నట్లుంచి, విరిగినచోటికి పైకీలును క్రిందికీలును రెండును కదలకుండ, మెత్తని గుడ్డ పెట్టి, కఱ్ఱబద్దతో కట్టవలెను. చర్మము చీలి ఎముక బయటపడినచో శుభ్రమైన గుడ్డ కప్పవలెనే గాని పసరు పోయరాదు. కట్టిన తరువాత వ్రేళ్ళను చూచుచుండవలెను. అవి చల్లబడినను, నీలిరంగు పొందినను, తిమ్మిరెక్కినను, నొప్పి తగ్గుటకు బదులు పెరిగినను, కట్టు బిగిసి రక్తము ఆగినదన్నమాట. ఎవరు కట్టిన కట్టైనను సరే, తెల్లవారనిమ్మని ఆగక వెంటనే వదులుచేసి ఆసుపత్రికి కొనిపోవలెను. కొన్ని గంటలు రక్తము అందని చేయి కుళ్ళును. అప్పుడు ప్రాణము దక్కించుటకు ఆ చేతినే తీసివేయవలసివచ్చును.